పొగ రంగు

"పొగ ఏ రంగన్నా?" అన్నాడు కాలేషా
బండి వైపు చూడకుండానే.
టీ గ్లాసులో పడ్డ ఈగను చిటికెనవేలితో తీస్తా ఉండాడు.
పొగే లేదబ్బా అన్నా.
ఈగను విదిలించాడు.
"నల్లగా వొస్తే ఊపిరాడక.
పొగే లేకుంటే తిండి లేక."

పంతొమ్మిదేళ్ల బండి.
పొదలకూరులో నిమ్మకాయలెత్తుకుంటే
గూడూరు మార్కెట్లో పాట మొదలయ్యేలోపు దించాల.
ఖాళీగా పోతే పెళ్లికొడుకే.
ఇరవై బస్తాలేసి
సైదాపురం దాటి ఎత్తు తగిలిందా,
మూడో గేరులో గసపెట్టుద్ది
రెండులో నసుగుద్ది
ఆక్సిలేటరు నేలకంటా తొక్కినా
చెవిటోడికి చెప్పినట్టే.
పక్కకు తీసి పది నిమిషాలు ఆపితే
ఏం జరగనట్టు లేచి పొయ్యేది.
ఆ పది నిమిషాలూ నేను
రోడ్డంచు మట్టిలో మెరిసే అభ్రకం పెచ్చులు ఏరతా కూర్చునేవాణ్ని.
స్టీరింగు పక్క గూట్లో ఇప్పుడు పిడికెడుండాయి.
నేను ఆగిపోయిన లెక్క అది.

ఫిల్టరు మార్చా. రెండుసార్లు.
నెల్లూరులో పంపు మెకానిక్కు
పద్నాలుగు వేలవుద్ది, వదిలిపెట్టి పో అన్నాడు.
వదలబుద్ధి కాలా.
ఆ కోపం యాడో ఒకచోట దించాల గదా,
డీజిల్లో నీళ్లు కలుపుతుండారని
బంకులో వెంగమ్మను
నలుగురి ముందర నిలబెట్టి కడిగేసినా.
ఆమె మాట్లాళ్లా.
సీసాలో డీజిలు పట్టి ఎండకెత్తి చూపించింది.
తేరిన తేనె మాదిరుంది.
నేను చూడదల్చుకోలా.

కాలేషా పంపు జోలికే పోలా.
ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడబెరికి
మంచినీళ్ల సీసాలో లీటరు డీజిలు పోసి
ఆసుపత్రిలో సెలైను కట్టినట్టు
బానెట్టు కొక్కేనికి వేలాడదీశాడు.
సన్న ట్యూబు తగిలించి, చేతిపంపు నొక్కి
గాలి బుడగలు ఆగిందాకా చూశాడు.
బానెట్టు సగం మూసి తాడుతో కట్టి,
"బస్తాలు దించబాక. ఎత్తు దాకా పోదాం పా."

మూడో గేరు.
మలుపు, మలుపు తర్వాత తుమ్మచెట్టు,
రోజూ బండి చచ్చే చోటు దాటిపోయింది.
నా కాలికి ఇంకా నమ్మకం కుదర్లా,
రెండో గేరుకు దించబోతే చెయ్యి పట్టుకున్నాడు.
"ఇంజనుకు పాపం తెలీదన్నా. పంపుకూ తెలీదు.
దొంగ వెనకుండాడు."

తిరిగొచ్చాక ట్యాంకు పైపు నోట్లో పెట్టుకుని ఊదాడు.
ముందు బుగ్గలుబ్బినాయి, లోపలికి పోలా.
ఇంకా గట్టిగా ఊదాడు.
లోపల ఏదో వదిలేసినట్టు
గుడగుడగుడ.
ఉమ్మేసి నవ్వాడు, నూనె పెదాలతో.

ట్యాంకు దించి బొక్కెన్లోకి వొంచాం.
తుప్పు పొట్టు, రెండు చీమలు,
ఆఖర్న, నానిన జలగ మాదిరి
జానెడు గుడ్డపీలిక.
నీలం గళ్లు.

బండి గటగటా తాగినప్పుడల్లా పోయి పైపు మూతిని పట్టుకుంటా,
ఆపినప్పుడల్లా వదిలేసి అడుక్కు జారతా,
ఎన్నాళ్లుగా ఉండాదో ఆడ.
"ఎవుడు పెట్టాడన్నా ఇది?"
నేను చెప్పలా.

వెంకటాచలం టోలు దగ్గర ట్యాంకు మూత
ఎవుడో కొట్టేసిన రాత్రి, వాన,
కట్టుకున్న లుంగీ అంచు చించి కుక్కింది నేనే.
కొత్త మూత కొన్ననాటికి గుడ్డ కనబళ్లా,
యాడో రాలిందిలే అనుకున్నా.

కాలేషా దాన్ని పిండి
చేతులు తుడుచుకుని గూట్లో పడేశాడు.
ఆరొందలు తీసుకున్నాడు.

క్యానులో ఉన్న రెండు లీటర్లతో బంకు దాకా వొచ్చా.
వెంగమ్మ మొహం తిప్పుకోలా.
గన్ను తీసి, అందరికీ చెప్పినట్టే
"సున్నా చూసుకోన్నా" అంది.
చూశా.
అది కదిలేలోపు ఏదో ఒకటి అనాలని
నోరు తెరిచా.
అంకెలు పరిగెత్తినాయి.

నిండాక, గన్ను తగిలిస్తా అంది
"మూత బిగించుకో."